చీటీ రాసిన చెయ్యి

మొన్న గ్యాస్ లైటర్ పనిచెయ్యక నువ్వు అగ్గిపుల్ల గీసి పొయ్యి వెలిగించావు చూడు పింకీ, వెలిగించి ఆ పుల్లని ఉఫ్ అని ఊదేసి సింకులో పారేశావు. నేను గుమ్మం పట్టుకుని అలాగే ఉండిపోయాను. నువ్వు వెనక్కి తిరిగి, "క్యా హువా అమ్మమ్మా, చక్కర్ ఆయా క్యా?" అన్నావు. కళ్ళు తిరగలేదు. ఒక మనిషి గుర్తొచ్చారు. ఆయన అగ్గిపుల్లని ఎప్పుడూ నోటితో ఊది ఆర్పలేదు. చెయ్యి విదిలించేవారు.

ఆయన సంగతే ఇప్పుడు నీచేత రాయిస్తున్నాను. నేను మాట్లాడినట్టు రాస్తే చదివేవాళ్ళకి కష్టం, పుస్తకాల్లో ఉన్నట్టు రాస్తానన్నావు. అలాగే కానియ్. కానీ ఎవరైనా ఒక మాట అన్నారని చెప్పినప్పుడు మాత్రం ఆ మాటని దిద్దకు. అది వాళ్ళ సొమ్ము. ఆయన పేరు కూడా ఇందులో ఉండదు. డాక్టరుగారు అని రాసుకో చాలు. ఎందుకో చివర్లో చెప్తాను.

మాంగో పేటలో బజారుకి వెళ్ళే సందులో ఒక సైకిల్ రిపేరు కొట్టు ఉండేది. దాని మీద మేడలో ఆయన క్లినిక్. నేను అక్కడ ఆయాని. బాగ్‌బేరాలో మన ఇంటి నుంచి ఆటోలో వెళ్ళి తాళం తియ్యడం, తుడవడం, పేర్లు పిలవడం, టీ పెట్టడం, ఎక్స్‌రే ఫిల్ములు కిటికీకి తగిలించడం నా పని. ఫిల్ములు చూడ్డానికి లైటు పెట్టె ఉండేది గానీ ఆయనకి దాని మీద నమ్మకం లేదు, ఎండే బాగా చూపిస్తుందనేవారు. కిటికీకి అడ్డంగా తీగ కట్టి, బట్టల క్లిప్పులు పెట్టి వాటిని వరసగా వేలాడదీసేదాన్ని. పొద్దున్న ఎండ వాటిలోంచి దిగి నేల మీద పడేది. గచ్చంతా పక్కటెముకల నీడలు. నేను వాటి మీదే చీపురు ఆడించాలి. మొదట్లో తొక్కితే ఎవరికో నొప్పి పుడుతుందన్నట్టు పక్కకి తప్పుకుని నడిచేదాన్ని. 

మనిషి పొడుగు, సన్నం. వాళ్ళు కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవులు, తండ్రి ఇక్కడే బడిలో పంతులుగా చేశాడట. ఏడాది పొడుగునా ఒకటే కాఫీరంగు కోటు. మాట ఎంత మెల్లగా ఉండేదంటే ముసలివాళ్ళు ఆయన నోటి దగ్గర చెవి పెట్టేవాళ్ళు. ఎవరొచ్చినా ముందు జబ్బు అడగరు. "క్యా కామ్ కర్తే హో?" అని అడుగుతారు. జ్వరమండీ అని ఎవరైనా మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టి, అది తర్వాత, ముందు పనేమిటో చెప్పమనేవారు. ఒకసారి టెల్కో కాలనీ నుంచి మన తెలుగువాళ్ళ పిల్ల, కొత్తగా పెళ్ళైన పిల్ల, కడుపునొప్పని వచ్చింది. ఏం పని చేస్తావంటే సిగ్గుపడి, పెళ్ళైందండీ అంది. ఆయన నవ్వకుండా దాన్నే కాగితం మీద రాసుకుని, "అది చాలా పెద్ద పనేనమ్మా" అన్నారు. పక్కనే కూర్చున్న అత్తగారి మొహం చూడాలి. కింద సైకిల్ కొట్టువాడైతే, ఆ మేడ ఎక్కితే డాక్టరు మందు ఇవ్వడు, నౌకరీ కనుక్కుంటాడు అని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పేవాడు.

ఇక అగ్గిపుల్ల సంగతి. దగ్గుతోనో ఆయాసంతోనో వచ్చినవాళ్ళు మిల్లుల్లో, రాళ్ళ క్రషర్లలో పనిచేస్తామంటే ఆయన సొరుగులోంచి అగ్గిపెట్టె తీసేవారు. పుల్ల గీసి రోగి మొహానికి జానెడు దూరంలో పట్టుకునేవారు. పెదాలు ముడవకుండా, గడ్డం కదపకుండా, నోరు బాగా తెరిచి ఊదమనేవారు. నువ్వు చెయ్యి, ఒక్క దెబ్బకి ఆరిపోతుంది. చిన్నపిల్లలు కూడా ఆర్పేస్తారు. కానీ ముప్పై ఏళ్ళ మగవాళ్ళు, భుజాలు ఇంతేసి ఉన్నవాళ్ళు, మెడ నరాలు ఉబ్బేలా ఊదితే ఆ మంట కాస్త వంగి మళ్ళీ లేచి నిలబడేది. వాళ్ళు మొదట నవ్వేవాళ్ళు. తర్వాత నవ్వేవాళ్ళు కాదు. డాక్టరుగారు చాలు అనరు. మంట పుల్ల పొడుగునా పాకి వేళ్ళ దాకా వచ్చేది. అప్పుడు చెయ్యి విదిలించేవారు. వాళ్ళు ఆర్పలేనిదాన్ని వాళ్ళ కళ్ళ ముందు ఊదెయ్యడం ఆయనకి చేతకాలేదు.

ఆయన కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఎప్పుడూ కాలి నల్లగా ఉండేవి. ఒకరోజు మందు రాస్తూ ఉండబట్టలేక అడిగేశాను.

"కాలిపోతన్నాది గదా బాబూ, కాసింత ముందే పారేత్తే ఏటి?"

"ఇంకొక్క క్షణం ఆగితే ఆర్పేస్తాడేమోనని అనిపిస్తుందమ్మా" అన్నారు.

వచ్చినవాళ్ళని ఏం పని చేస్తారని అడగడం ఆయనకి చదువుతో వచ్చిన అలవాటు కాదు. మీ తాతయ్య తర్వాత వచ్చింది.

మీ తాతయ్యని నువ్వు ఫోటోలోనే చూశావు. శ్రీకాకుళం వైపు నుంచి పని కోసం వచ్చి కాంట్రాక్టులో తెల్లరాళ్ళు పిండి చేసే మిల్లులో చేరాడు. ఉక్కు కరిగించే కొలిమికి లోపల పూత పెట్టడానికి ఆ పొడి కావాలట. మైదా కంటే మెత్తగా ఉండేది. సాయంత్రం ఇంటికొస్తే జుట్టు తెలుపు, కనుబొమ్మలు తెలుపు, రెప్పలు తెలుపు. కళ్ళొక్కటే ఎర్రగా ఉండేవి. మీ అమ్మ చిన్నపిల్ల, తండ్రిని చూసి మంచం కిందకి దూరేది. వరండాలో ఆయన నడిచినంత మేరా తెల్లటి అడుగులు పడేవి. పొద్దున్నే కడిగేదాన్ని, సాయంత్రానికి మళ్ళీ పడేవి. మీ తాతయ్య పోయిన మర్నాడు వరండా కడగడానికి వెళ్తే అక్కడ ఏమీ లేదు. బకెట్టు నీళ్ళూ పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు.

దగ్గు వచ్చినప్పుడు ధర్మాసుపత్రికి తీసుకెళ్ళాను. ఇప్పుడది మూసేశారు. అప్పట్లో ఈ డాక్టరుగారు పొద్దున్నపూట అక్కడ కూర్చునేవారు. జనం గేటు దాకా ఉండేవాళ్ళు. ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నారు, ఫిల్ము తీయించి చూశారు, టీబీ అన్నారు. పనేమిటని అడగలేదు. మీ తాతయ్యా చెప్పలేదు, స్నానం చేసి తెల్ల చొక్కా వేసుకుని వెళ్ళాడు మరి, డాక్టరు దగ్గరికని. నెలల తరబడి మాత్రలు మింగుతూనే మిల్లుకి వెళ్ళాడు. నేను ఏడిస్తే నాకే ధైర్యం చెప్పేవాడు. "డాక్టరుబాబు మంచోడే. మాత్తర్లు ఇత్తన్నాడు గదా, తగ్గిపోద్ది" అనేవాడు.

తగ్గలేదు. పోయాక ఇచ్చిన చీటీలోనూ టీబీ అనే ఉంది. కింద గీతలు గీతలుగా సంతకం, ఎవరికీ అర్థం కానిది. ఆ చీటీ రాకముందే ఆ మాట మన క్వార్టర్ల వరసంతా తిరిగేసింది. పక్క క్వార్టరువాళ్ళు మీ అమ్మకి మంచినీళ్ళిచ్చే గ్లాసు వేరే పెట్టారు. పిల్ల ఒకరోజు ఇంటికొచ్చి, అమ్మా నా గ్లాసుకి ఎర్ర దారం కట్టారు, ఎంత బాగుందో అంది. 

పని కోసం ఆయన దగ్గరికే వెళ్ళాను. నాకు తెలిసిన పెద్దమనిషి ఆయనొక్కరే. అప్పటికి మాంగోలో సొంతంగా క్లినిక్ పెట్టారు. "రేపట్నుంచి రా అప్పలమ్మా" అన్నారు. నువ్వు, నువ్వు అనేవారు, నేనేమీ అనుకోలేదు, ఆయాని అందరూ అలాగే అంటారు.

కొన్నేళ్ళు గడిచాక ఒక మనిషి మెట్లెక్కలేక ఎక్కలేక వచ్చాడు. కనుబొమ్మల్లో ఇంకా తెల్లపొడి ఉంది. నన్ను చూసి, "వదినా, నువ్విక్కడున్నావేటి?" అన్నాడు. మీ తాతయ్య పక్కనే సంచులు నింపినవాడు. అతను మీ తాతయ్య సంగతి చెప్తుంటే డాక్టరుగారు విన్నారు. ఏ మిల్లని అడిగారు, ఇంకెవరెవరికి ఇలా ఉందని అడిగారు. అతను వేళ్ళు మడుస్తూ పేర్లు చెప్పాడు. ఒక చేతి వేళ్ళు అయిపోయి రెండో చేతికొచ్చాడు. అందులో సగంమంది అప్పటికే లేరు. డాక్టరుగారు నావైపు తిరిగి, మీ ఆయన ఫిల్ము ఉందా అన్నారు. ట్రంకుపెట్టెలో ఉంది. మధ్యాహ్నం ఆటోలో వెళ్ళి తెచ్చాను.

ఆ ఫిల్ముని కిటికీకి ఆయనే తగిలించారు. దాని ముందు నిలబడ్డారు. బయట బెంచీ మీద రోగులు గొణుగుతున్నారు, టీ చల్లారిపోయింది. ఎండ తిరిగి ఆ నీడ నేల మీద నుంచి గోడ మీదకి పాకింది. చాలాసేపటికి నా వైపు చూడకుండానే, "మీరు కూర్చోండమ్మా" అన్నారు. ఆ రోజు నుంచి నన్ను నువ్వు అనలేదు. వచ్చినవాళ్ళు మాత్రం ఆయాని మీరు అనే డాక్టరుని వింతగా చూసేవాళ్ళు.

అప్పట్నుంచే అగ్గిపెట్టె, అప్పట్నుంచే "క్యా కామ్ కర్తే హో", అప్పట్నుంచే సర్కారు ఆఫీసుల కోసం రాంచీ తిరగడం. ఇంకో ముగ్గురు నలుగురు డాక్టర్లని కూడగట్టుకుని మన రాష్ట్రానికి ఒక చట్టం కావాలని తిరిగారు. దగ్గుతో వచ్చిన ప్రతివాడినీ డాక్టరు పని అడిగి రాయాలి, రాతిపొడి జబ్బైతే సర్కారుకి తెలియజెయ్యాలి, అది ఒక లైను. తప్పు రాసిన పాత చీటీల్ని, రాసిన డాక్టరు ఒప్పుకుంటే, దిద్దాలి. అది రెండో లైను. నాకు కావాల్సింది ఆ రెండోదే. టీబీ అంటే దేవుడిచ్చిందని ఊరుకుంటారు. రాతిపొడి అంటే మిల్లు ఇచ్చిందని తెలుస్తుంది. మీ తాతయ్య పేరు పక్కన ఉన్న ఆ మాట చెరిగిపోవాలి, అంతే నా కోరిక.

తోటి డాక్టర్లలోనే సగంమంది ఎగతాళి చేసేవాళ్ళు, నువ్వు డాక్టరువా పోలీసువా అని. ఆయన ఫిల్ములన్నీ బియ్యం సంచిలో పెట్టుకుని, వానకి తడవదని, తెల్లారగట్ల బస్సెక్కేవారు. ఒక పెద్ద నాయకుడి ముందు అగ్గిపుల్ల పెడితే ఆ నాయకుడు ఒక్క ఊపున ఆర్పేసి, నేను ఫిట్‌గా ఉన్నాను కదా అని చుట్టూ ఉన్నవాళ్ళచేత చప్పట్లు కొట్టించుకున్నాడట. ఊరికి తిరిగొచ్చి నాతో ఎప్పుడూ ఒకటే మాట, "వింటామన్నారమ్మా." ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. 

చివరికి నిజంగానే వింటామన్నారు. కమిటీ కూర్చుంటుంది, పోయినవాళ్ళ ఇంటి మనిషిని ఒకరిని తీసుకురమ్మన్నారు. నన్ను తీసుకెళ్ళారు. కట్టుకున్నది మీ అమ్మ ఆకుపచ్చ చీర. బస్సు ఘాటురోడ్డు ఎక్కుతుండగా ఆయన కిటికీ వైపు చూస్తూ చెప్పారు.

"చీటీ ఎవరు రాశారని అడుగుతారు. చెప్పండి."

"ఎవులనీ?"

"నేనని. నాకు నేనుగా చెప్తే నాటకమనుకుంటారు. మీరు చెప్పండి, నేను లేచి నిలబడతాను."

నాకు తెలియదా అది? ఏనాటి నుంచో తెలుసు. కానీ ఆయన నోటి నుంచి రావడం అదే మొదటిసారి. అడవి వెనక్కి పోతోంది, నేను ఆయన చేతులకేసి చూస్తున్నాను.

పెద్ద బల్ల, చుట్టూ ఏడెనిమిదిమంది. ఒకాయన ఫోన్ చూసుకుంటున్నాడు. నా ఎదుట కూర్చున్న ఆఫీసరు మంచివాడే, నీళ్ళు ఇప్పించాడు. చీటీ అటూ ఇటూ తిప్పి చూసి అడిగాడు, "యే పర్చీ కిస్ డాక్టర్ నే లిఖీ?"

ఆయన నా పక్కనే ఉన్నారు. కాలిన వేళ్ళతో ఆ బియ్యం సంచి మూతి విప్పుతున్నారు. నేను చెప్తే ఈయన్ని ఏం చేస్తారో అనిపించింది. లైసెన్సు లాక్కుంటారేమో, జైల్లో పెడతారేమో. బెంచీ మీద కూర్చునే వాళ్ళందరూ గుర్తొచ్చారు. మొగుడు పోయిన దాన్ని, నాకూ నా పిల్లకీ అన్నం పెట్టిన చెయ్యి అది. నా నోరు దానంతట అదే మాట్లాడింది.

"మాలూమ్ నహీ సాబ్. గావ్ కా కోయీ డాక్టర్ థా. మర్ గయా."

తెలీదు, ఎవరో పల్లెటూరి డాక్టరు, చచ్చిపోయాడు అన్నాను. పక్కన కుర్చీ కాళ్ళు నేల మీద కీచుమన్నాయి. ఆయన అప్పటికే లేవబోయారు. సగం లేచినవారు నా మాట విని అలాగే ఆగారు. ఆయన ఒక్క మాట అనుంటే సరిపోయేది. నేను ఎదురుచూశాను కూడా. ఆయన మెల్లగా కూర్చున్నారు. ఆఫీసరు చీటీ నా ముందుకి తోసి, రాసినవాడే లేనప్పుడు ఒప్పుకునేదెవరని అన్నాడు. రెండో లైను మీద పెన్నుతో గీత కొట్టాడు. 

వచ్చేటప్పుడు ఒక చోట బస్సు ఆగితే దిగి నాకు మూరీ మరమరాల పొట్లం కొనిచ్చారు, ఎప్పుడూ కొనిచ్చినట్టే. తర్వాత ఎన్నో ఏళ్ళు పనిచేశాను, ఆయన ఒక్కరోజు కూడా ఆ సంగతి ఎత్తలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. మీరు అనే పిలిచారు. రాంచీ వెళ్ళడమూ మానలేదు, కానీ తిరిగొచ్చి వింటామన్నారని మళ్ళీ అనలేదు. టీ పెట్టండమ్మా అనేవారు అంతే. అగ్గిపుల్ల మాత్రం ఇంకా ఎక్కువసేపు పట్టుకునేవారు. గదంతా చర్మం కాలిన వాసన. నాకు ఒక్కోసారి భయమేసేది. కిటికీ వెలుగులో కోటు వేసుకుని నిలబడిన మనిషిని చూస్తే, ఈయన్ని నేను చంపేశాను, అయినా రోజూ వచ్చి కుర్చీలో కూర్చుంటున్నారు అనిపించేది. ఇది మీ అమ్మకి కూడా చెప్పలేదు.

పోయిన ఏడాది చలికాలం వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది, నాన్నగారు చూడాలంటున్నారు ఆంటీ అని. వెళ్ళాను. మంచం కిటికీ పక్కన వేశారు. ముక్కుకి గాలి గొట్టం. మాట ఎప్పుడూ మెల్లగానే ఉండేది, ఇప్పుడు నేనే ఆయన నోటి దగ్గర చెవి పెట్టాను. దిండు కింద నుంచి ఒక కవరు తీసి నా చేతిలో పెట్టారు. ఆ చీటీ నేనే రాశాను, అతని పని అడగలేదు, అది టీబీ కాదు, అని అందులో రాసి సంతకం పెట్టారు. ఈసారి పేరంతా చదవడానికి వచ్చేలా రాశారు.

"రెండుసార్లు రాంచీ దాకా పట్టుకెళ్ళాను. కోటు జేబులోంచి చెయ్యి బయటికి రాలేదు" అన్నారు.

"నాను అబద్దం ఆడకపోతే ఇదంతా జరక్కపోను బాబూ."

ఆయన తల అడ్డంగా ఊపారు. చాలాసేపు ఊపిరి తీసుకుని, "మీది ఒక్క మాట. నేను ఇన్నేళ్ళు ఊరుకున్నాను" అన్నారు. తర్వాత కొంచెం నవ్వారు కూడా. "నేను పోయాక చెప్పండి. అప్పటికి మీ అబద్ధం సగం నిజమైపోయి ఉంటుంది."

వానాకాలంలో పోయారు. చర్చి నిండిపోయింది. అందరూ లేచి గొప్పగా మాట్లాడారు, అన్నీ నిజాలే. నేను చివరి బెంచీలో చెప్పులు చేత్తో పట్టుకుని కూర్చున్నాను. కొండంత మనిషి గురించి నాకు తెలిసిన ఒక్క సంగతీ అక్కడెవరూ అనలేదు.

ఇప్పుడు ఆయన దగ్గర నేర్చుకున్న డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఆ రెండో లైను మళ్ళీ పైకి తెచ్చారట, వచ్చే బుధవారం రాంచీలో కూర్చుంటారట. కవరు ఉంది సరే. కానీ వాళ్ళ ఫైల్లో నా మాట కూడా ఉంది, ఎవరో తెలీదు, చచ్చిపోయాడు అని. ఆ మాటని నేనే వెళ్ళి తీసెయ్యాలి. లేకపోతే కవరు చెల్లదు, మీ తాతయ్య టీబీతోనే ఉండిపోతాడు. నువ్వు నాతో వస్తున్నావు. నా నాలుక మళ్ళీ తిరగబడితే, ఇదంతా లేచి నిలబడి నువ్వు చదువు. అందుకే రాయించాను.

పొద్దున్న అలవాటు కోసమని నీచేత ఆ ప్రశ్న అడిగించాను కదా. అదీ రాసుకో, దాచకు. నువ్వు ఆఫీసరులా కుర్చీలో కూర్చుని, "యే పర్చీ కిస్ డాక్టర్ నే లిఖీ?" అన్నావు. నా నోటికి ముందు ఏమొచ్చింది? మాలూమ్ నహీ అనే వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత, కవరు ఒళ్ళో పెట్టుకుని, నా వంటింట్లో, నా మనవరాలి ముందు. నువ్వు నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయావు.

మళ్ళీ అడగమన్నాను. అడిగావు. రాలేదు. మళ్ళీ అడగమన్నాను.

మూడోసారి పేరు వచ్చింది. ఇంటిపేరుతో సహా. ఎంత గట్టిగా వచ్చిందో నాకే తెలీలేదు, పక్కింటావిడ తలుపు తీసి చూసింది. నువ్వు వెంటనే పెన్ను తీసి దాన్ని రాయబోయావు, నేను నీ చెయ్యి పట్టుకున్నాను. ఆ పేరు ఇందులో వద్దమ్మా. అది అక్కడ చెప్పడానికి దాచుకున్నాను.